తొలితరం బ్లూస్ గాయకుల ఐతిహ్యాలు: కథనం, చరిత్ర, విమర్శ

వ్యాససంగ్రహం

అమెరికా దక్షిణ రాష్ట్రాలలోని ఆఫ్రికన్ అమెరికన్ల గానసంప్రదాయమైన బ్లూస్‌ను గురించి వెలువడిన రచనలలో గాయకుల పాటలకన్నా వారి జీవితాలను అల్లుకొన్న ఐతిహ్యాలకే ఎక్కువ ప్రచారం లభించింది. రాబర్ట్ జాన్సన్ సాతానుకు ఆత్మను అమ్ముకొన్నాడన్న కథ, బెస్సీ స్మిత్‌ను తెల్లవారి ఆసుపత్రి చేర్చుకోలేదన్న కథ, లెడ్ బెల్లీ పాట పాడి చెరనుంచి విడుదలయ్యాడన్న కథ వీటిలో ముఖ్యమైనవి. ఈ మూడింటిని వక్త, శ్రోత, కాలం అనే మూడు కోణాలనుంచి పరిశీలించి, ఇవి కళాకారుల శ్రమను, వృత్తినైపుణ్యాన్ని ఏ విధంగా మరుగుపరిచాయో నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: బ్లూస్, ఐతిహ్యం, మౌఖిక సంప్రదాయం, రాబర్ట్ జాన్సన్, బెస్సీ స్మిత్, లెడ్ బెల్లీ, చాటువు.

1. ప్రవేశిక

బానిసత్వం రద్దయిన తరువాతి తరాలలో, పత్తిచేలలోను, రైలుకట్టల పనులలోను, కారాగారాల పొలాలలోను బతుకు వెళ్లదీసిన ఆఫ్రికన్ అమెరికన్ల నడుమ రూపుదిద్దుకొన్న గానరీతి బ్లూస్. మొదటి పాదాన్ని మరలా పలికి, మూడవ పాదంలో దానికి సమాధానమో ముగింపో చెప్పడం దీని చరణనిర్మాణంలో తరచుగా కనిపించే పద్ధతి. డబ్ల్యు. సి. హ్యాండీ ‘మెంఫిస్ బ్లూస్’ 1912లో అచ్చయింది. 1920 ఆగస్టులో మేమీ స్మిత్ ఒకే సంస్థకు పాడిన ‘క్రేజీ బ్లూస్’ విశేషంగా అమ్ముడుపోవడంతో, నల్లజాతి శ్రోతలకోసం ప్రత్యేకంగా రికార్డులు వెలువరించే వ్యాపారం స్థిరపడింది. 1923లో మా రెయినీ, బెస్సీ స్మిత్ రికార్డింగు రంగంలోకి వచ్చారు. గిటారుతో ఒంటరిగా పాడే మిసిసిపీ డెల్టా గాయకులు రికార్డులకెక్కింది ఆ తరువాతనే.

ఈ క్రమం గుర్తుంచుకోదగినది. బ్లూస్ అనగానే నేటి పాఠకుని మనసులో మెదిలే చిత్రం, అర్ధరాత్రి నిర్జనమైన కూడలిలో గిటారు పట్టుకొని నిలబడిన ఒంటరి పురుషుడిది. చారిత్రకంగా చూస్తే బ్లూస్‌ను దేశమంతటికీ వినిపించినవారు గుడారపు ప్రదర్శనలలోను, రంగస్థలాలపైన ఆరితేరిన స్త్రీలు. వారి స్థానంలోకి ఒంటరి పురుషుడు ఎట్లా వచ్చాడు? ఈ ప్రశ్నకు జవాబు సంగీతచరిత్రలో కన్నా ఐతిహ్యాల చరిత్రలోనే స్పష్టంగా దొరుకుతుంది.

2. పరిశీలనా పద్ధతి

ఐతిహ్యాన్ని అబద్ధమని తోసివేయడం ఎంత తేలికో, అదే చరిత్ర అని నమ్మడం అంత తేలిక. ఈ రెండింటికీ భిన్నమైన మార్గం ఒకటి తెలుగు సాహిత్యవిమర్శకు పరిచితమే. కవులను గురించిన చాటుకథలు ఆ కవుల జీవితచరిత్రలు కావనీ, వారిని చదివి, విని, ఆస్వాదించిన సమాజం వారిపై వెలువరించిన విమర్శ అనీ వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ తమ చాటుపద్య అధ్యయనంలో (1998) ప్రతిపాదించిన దృష్టి ఇక్కడ ఉపకరిస్తుంది. తెనాలి రామలింగనికి కాళికాదేవి ప్రసాదం వల్ల విద్య అబ్బిందన్న కథ ఆ కవి బాల్యాన్ని గురించి మనకేమీ చెప్పదు. ఆ కవిని తెలుగువారు ఎట్లా ఊహించుకొన్నారో చెబుతుంది. ‘పాండురంగ మాహాత్మ్యము’లోని పద్యశిల్పాన్ని కాళి వరంతో వివరించడానికి ఏ విమర్శకుడూ పూనుకోడు.

అయితే ఈ దృష్టిని బ్లూస్‌కు అన్వయించేటప్పుడు ఒక భేదాన్ని గమనించాలి. చాటుకథలను చెప్పుకొన్నవారు ఆ కవుల భాషాసమాజానికి చెందినవారే. బ్లూస్ గాయకుల ఐతిహ్యాలలో చాలావాటిని గ్రంథస్థం చేసి, ప్రచారంలో పెట్టినవారు వేరే జాతికి, వేరే ప్రాంతానికి, తరచుగా వేరే తరానికి చెందిన శ్రోతలు. కనుక ప్రతి ఐతిహ్యాన్నీ మూడు ప్రశ్నలతో పరీక్షించవలసి ఉంటుంది. దీనిని మొదట ఎవరు చెప్పారు? ఎవరికి చెప్పారు? ఎప్పుడు చెప్పారు?

3. కూడలి కథ

3.1. కథ ప్రయాణం

రాబర్ట్ జాన్సన్ మిసిసిపీలోని హేజిల్‌హర్స్ట్‌లో 1911 ప్రాంతంలో జన్మించి, 1938 ఆగస్టు 16న గ్రీన్‌వుడ్ సమీపంలో మరణించాడు. 1936 నవంబరులో శాన్ ఆంటోనియోలోను, 1937 జూన్‌లో డాలస్‌లోను మొత్తం 29 పాటలు రికార్డు చేశాడు. అర్ధరాత్రి నాలుగు దారుల కూడలిలో సాతానుకు ఆత్మను అమ్మి గిటారు విద్య సంపాదించాడన్నది ఇతని పేరుతో లోకమంతటా వ్యాపించిన కథ.

ఈ కథ ఇతనికన్నా ముందు మరొకరిది. ఇతనితో బంధుత్వం లేని టామీ జాన్సన్ (1896–1956) అనే మిసిసిపీ గాయకుని గురించి అతని సోదరుడు లెడెల్ చెప్పిన వృత్తాంతాన్ని పరిశోధకుడు డేవిడ్ ఎవాన్స్ నమోదు చేసి 1971లో ప్రచురించాడు. కథావస్తువు ఇంకా పాతది. కూడలికి వెళ్లి వాద్యవిద్య నేర్చుకోవడాన్ని గురించిన నమ్మకాలు న్యూబెల్ నైల్స్ పకెట్ 1926లో వెలువరించిన గ్రంథంలోను, హ్యారీ హయట్ 1930ల నుంచి సేకరించిన విస్తారమైన జానపద సామగ్రిలోను ఉన్నాయి. కూడలిలో ఎదురయ్యే ఈ మూర్తికి పశ్చిమాఫ్రికాలోని ఎషు, లెగ్బా వంటి కూడలి దేవతలతో సంబంధాన్ని పలువురు పండితులు సూచించారు. క్రైస్తవ బోధకుల వ్యాఖ్యానంలో ఆ మూర్తి సాతానుగా మారింది. బ్లూస్‌ను ‘సాతాను సంగీతం’గా నిందించిన చర్చి వాతావరణంలో ఈ మార్పు సహజమే.

రాబర్ట్ జాన్సన్‌కు ఈ కథను అంటగట్టిన తొలి ముఖ్యమైన ముద్రిత ఆధారం 1966లో పీట్ వెల్డింగ్ రాసిన వ్యాసం. జాన్సన్ తన ఆత్మను అమ్ముకొని ఉంటాడని సన్ హౌస్ అన్నట్లుగా అందులో ఉంది. అప్పటికి జాన్సన్ మరణించి 28 ఏళ్లు. సన్ హౌస్ ఒకప్పుడు ప్రబోధకుడు. బ్లూస్‌కూ ప్రసంగవేదికకూ నడుమ జీవితమంతా ఊగిసలాడినవాడు. ఆయన నోట వచ్చిన ఆ మాట ఆశ్చర్యార్థకమో, నిందో, మెచ్చుకోలో నిర్ణయించడం కష్టం. తరువాతి రచయితలు మాత్రం దానిని వాంగ్మూలంగా స్వీకరించారు. జాన్సన్‌తో కలిసి ఊళ్లు తిరిగిన గాయకుడు జానీ షైన్స్, అటువంటి మాట జాన్సన్ తనతో ఎన్నడూ అనలేదని స్పష్టంగా చెప్పినా, ఆ సాక్ష్యానికి తగిన ప్రచారం రాలేదు.

3.2. పాటల సాక్ష్యం

ఐతిహ్యానికి ఆధారంగా చూపే ‘క్రాస్ రోడ్ బ్లూస్’లో సాతాను ప్రసక్తి లేదు. కూడలిలో మోకరిల్లిన వక్త వేడుకొనేది దేవుణ్ణి. పొద్దు గుంకుతున్న వేళ దారిన పోయే బండిని ఆపబోతే ఎవరూ ఆపరు; తన్ను ఎరిగినవారు లేరు. ఆనాటి మిసిసిపీలో చీకటి పడ్డాక, పరిచయం లేని చోట, ఒంటరిగా చిక్కిన నల్లజాతి యువకునికి పొంచి ఉన్న అపాయం ఏమిటో ఆ పాట తొలి శ్రోతలకు వివరించనక్కరలేదు. దేశదిమ్మరితనం నేరమని అరెస్టు చేయవచ్చు, మూకలు దాడిచేయవచ్చు. పాటలోని భయానికి కారణం ఈ లోకంలోనే ఉంది. ఐతిహ్యం దానిని పరలోకానికి తరలించింది. ఈ వ్యాసం దృష్టిలో కూడలి కథ చేసిన అతిపెద్ద నష్టం ఇదే: ఒక సామాజిక భయాన్ని అది వ్యక్తిగత పాపభీతిగా మార్చివేసింది.

జాన్సన్ పాటలలో సాతాను పేరు అసలు లేదని కాదు. ‘మీ అండ్ ద డెవిల్ బ్లూస్’ ఉంది. వేటకుక్క వెంటాడే మరో ప్రసిద్ధ గీతం ఉంది. అయితే 29 పాటలలో అటువంటివి కొన్నే. మిగిలినవాటిలో ఎక్కువభాగం ప్రేమ, ఎడబాటు, ప్రయాణం, శృంగారపు చమత్కారం ఇతివృత్తాలుగా గలవి. సాతాను పాటలో కూడా, తనను రహదారి పక్కన పాతిపెడితే తన దుష్టాత్మ బస్సెక్కి పోవచ్చునని వక్త చెప్పుకోవడంలో వినిపించేది మొండి హాస్యం. పైగా సాతాను పేరు ఆనాటి రికార్డుల విపణిలో చెల్లుబాటయ్యే నాణెం. పీటీ వీట్‌స్ట్రా అనే గాయకుడు ‘సాతాను అల్లుడు’ అన్న బిరుదుతో 1930ల పొడుగునా రికార్డులు వెలువరించాడు. ఆ బిరుదును ఎవరూ జీవితచరిత్రగా పరిగణించలేదు. ఒక గాయకుని విషయంలో వేషమని గుర్తించినదానిని మరొక గాయకుని విషయంలో ఒప్పుకోలుగా చదవడం విమర్శ అనిపించుకోదు.

3.3. మరుగునపడిన గురువు

సన్ హౌస్ జ్ఞాపకాల ప్రకారం, రాబిన్సన్‌విల్‌లో ఉన్న రోజులలో జాన్సన్ గిటారు వాయించడం చేతకాని కుర్రవాడు. కొంతకాలం ఊరు విడిచి వెళ్లి, తిరిగివచ్చి అందరినీ అబ్బురపరిచాడు. ఐతిహ్యం పుట్టింది ఈ ఎడంలోనే. ఆ కాలంలో జాన్సన్ హేజిల్‌హర్స్ట్ ప్రాంతానికి వెళ్లి, ఐక్ జిమ్మర్‌మన్ అనే గిటారు విద్వాంసుని వద్ద శుశ్రూష చేశాడని పరిశోధకులు నిర్ధారించారు. ఇంట్లోవారికి, ఇరుగుపొరుగుకు ఇబ్బంది లేకుండా రాత్రిపూట శ్మశానవాటికలో సాధన చేసేవారన్న వివరం బ్రూస్ కాన్‌ఫర్త్, గేల్ డీన్ వార్డ్‌లో 2019లో ప్రచురించిన జీవితచరిత్రలో ఉంది.

దీనికి తోడు జాన్సన్ గ్రామఫోన్ రికార్డుల విద్యార్థి. ‘స్వీట్ హోమ్ షికాగో’కు కొకొమో ఆర్నల్డ్ పాట, ‘లవ్ ఇన్ వెయిన్’ వరుసకు లెరాయ్ కార్ పాట, ‘32-20 బ్లూస్’కు స్కిప్ జేమ్స్ పాట ఆధారాలు. ఎలైజా వాల్డ్ 2004 నాటి గ్రంథంలో చూపినట్లు, ఇతడు సమకాలీన నగర గాయకుల ధోరణులను శ్రద్ధగా అనుసరించిన వృత్తికళాకారుడు. జానీ షైన్స్ చెప్పినదాని ప్రకారం శ్రోతలు కోరితే పోల్కాలు, సినిమా పాటలు కూడా పాడేవాడు. రాబర్ట్ సవతి చెల్లెలు ఆనీ ఆండర్సన్ 2020లో వెలువరించిన జ్ఞాపకాల పుస్తకంలో కనిపించేది, మెంఫిస్‌లోని కుటుంబంలో ఒకడై, పిల్లలకు పాటలు పాడి వినిపించిన మనిషి.

ఇక్కడ లెడెల్ చెప్పిన పాత కథనాన్ని మరొకసారి జాగ్రత్తగా చదవాలి. తన తమ్ముడు తన్నుతాను సాతానుకు అమ్ముకొన్నానని చెప్పినట్లు అందులో ఒక్క మాట ఉంది. ఎట్లా అని అడిగినప్పుడు వచ్చిన వివరణలో మాత్రం ఒడంబడిక లేదు, మూల్యం లేదు, నరకం లేదు. అర్ధరాత్రికి కాస్త ముందుగా కూడలికి వెళ్లి వాయిస్తూ ఉంటే, నల్లని భారీ మనిషి ఒకడు వచ్చి గిటారు తీసుకొని, శ్రుతి చేసి, ఒక పాట వాయించి, తిరిగి ఇస్తాడు. ఇది గురువు చేసే పని. డెల్టా గాయకులు పలు రకాల శ్రుతులలో గిటారును అమర్చుకొనేవారు; తంత్రులను ఏ శ్రుతిలో కూర్చాలన్నదే ఆ విద్యలో తొలి రహస్యం. ఒకరి చేతిలోని వాద్యం మరొకరి చేతికి వెళ్లి, శ్రుతి కుదిరి తిరిగిరావడం నిత్యజీవితంలో విద్య చేతులు మారే పద్ధతే. మౌఖిక కథనం శిక్షణను అద్భుతంగా మార్చినా, శిక్షణ రూపాన్ని విడువలేదు. అచ్చులోకి, సినిమాలోకి వచ్చిన కథ శ్రుతిని మరిచి బేరాన్ని మాత్రమే నిలుపుకొంది.

4. బెస్సీ స్మిత్ మరణకథ

1937 సెప్టెంబరు 26 తెల్లవారుజామున మెంఫిస్‌నుంచి క్లార్క్స్‌డేల్ వెళ్లే 61వ నంబరు రహదారిపై బెస్సీ స్మిత్ ప్రయాణిస్తున్న కారు ఒక లారీని ఢీకొంది. ఆమె చేయి దాదాపుగా తెగిపోయింది. క్లార్క్స్‌డేల్‌లోని నల్లజాతివారి ఆసుపత్రిలో ఆ ఉదయం ఆమె మరణించింది. తెల్లవారి ఆసుపత్రి చేర్చుకోనందువల్ల ఆమె రక్తస్రావంతో చనిపోయిందన్న కథ, సంగీత ప్రచారకుడు జాన్ హామండ్ ఆ సంవత్సరమే ‘డౌన్ బీట్’ పత్రికలో రాసిన వ్యాసం ద్వారా వ్యాపించింది. ఎడ్వర్డ్ ఆల్బీ నాటకం ‘ద డెత్ ఆఫ్ బెస్సీ స్మిత్’ (1960) దానికి స్థిరత్వం కల్పించింది.

ప్రమాదస్థలానికి వచ్చి చికిత్స చేసిన డాక్టర్ హ్యూ స్మిత్ సాక్ష్యం ఆధారంగా క్రిస్ ఆల్బర్ట్‌సన్ తన 1972 నాటి జీవితచరిత్రలో ఈ కథను ఖండించాడు. ఆమెను నేరుగా నల్లజాతివారి ఆసుపత్రికే తీసుకువెళ్లారు. ఆ ప్రాంతంలో ఏ అంబులెన్సు డ్రైవరూ నల్లజాతి మనిషిని తెల్లవారి ఆసుపత్రికి తీసుకువెళ్లాలని తలపెట్టి ఉండడని ఆ డాక్టరు వివరణ.

ఈ ఖండన జాతివివక్ష లేదని చెప్పడం లేదు. ఐతిహ్యం చెప్పినదానికన్నా లోతైన వివక్షను చూపిస్తున్నది. ఐతిహ్యంలో ఒక తలుపు ఉంది, దానిని మూసిన ఒక దుర్మార్గుడు ఉన్నాడు. వాస్తవంలో తలుపు తట్టాలన్న ఆలోచనకే తావులేని వ్యవస్థ ఉంది. తిరస్కారం జరగలేదు, ఎందుకంటే తిరస్కరించవలసిన అవసరమే రాకుండా సమాజం ముందుగానే అమర్చబడి ఉంది. కథకు ప్రతినాయకుడు కావాలి. వ్యవస్థకు ప్రతినాయకుడు అక్కరలేదు. కూడలి కథ సామాజిక సత్యాన్ని దాచిపెడితే, ఈ కథ దానిని చెప్పబోయి తేలిక చేసింది.

మరొక విషయం. ఆల్బీ నాటకంలో బెస్సీ స్మిత్ రంగస్థలంపై కనిపించదు. ఈ ఐతిహ్యం మొత్తానికి ఇది తగిన సంకేతం. ‘డౌన్‌హార్టెడ్ బ్లూస్’తో ప్రారంభించి పదేళ్లపాటు రికార్డులు వెలువరించి, తన బృందాన్ని తానే నడుపుకొని, ఆ కాలపు నల్లజాతి కళాకారులలో అత్యధిక పారితోషికం పొందినవారిలో ఒకరైన గాయని, తన మరణకథలో పాత్ర కూడా కాకుండా పోయింది. ఆమె సమాధికి 1970 దాకా పేరు చెక్కిన రాయి లేదు. ఆమె మరణాన్ని గురించిన నాటకం సమాధిరాయికన్నా పదేళ్ల ముందే వచ్చింది.

5. లెడ్ బెల్లీ విడుదల కథ

హడ్డీ లెడ్‌బెటర్, జనం పిలిచిన పేరు లెడ్ బెల్లీ, బ్లూస్‌తో పాటు పనిపాటలు, కథాగేయాలు, నృత్యగీతాలు విరివిగా తెలిసిన గాయకుడు. టెక్సస్ కారాగారంలో ఉండగా గవర్నర్ పాట్ నెఫ్‌కు పాట రూపంలో విన్నపం చేసుకోవడం, 1925లో క్షమాభిక్ష పొందడం చారిత్రక సత్యాలు. రెండవ ఘట్టం వేరు. 1933లో లూయిజియానాలోని అంగోలా కారాగారంలో జానపద గేయసేకర్తలు జాన్ లోమాక్స్, ఆయన కుమారుడు అలన్ ఇతనిని కలిశారు. మరుసటి ఏడు ఇతని విన్నపగీతాన్ని రికార్డు చేసి గవర్నర్ కార్యాలయానికి చేర్చారు. 1934 ఆగస్టులో లెడ్ బెల్లీ విడుదలయ్యాడు. పాటవల్లనే విడుదల అన్న కథ పత్రికలకెక్కింది. 1935లో ‘మార్చ్ ఆఫ్ టైమ్’ వార్తాచిత్రం లెడ్ బెల్లీ చేతనే దానిని అభినయింపజేసింది. కారాగార అధికారుల వివరణ ప్రకారం సత్ప్రవర్తనవల్ల శిక్షాకాలం తగ్గించే నిబంధన కింద ఆ విడుదల జరిగింది.

టెక్సస్ ఘట్టంలో పాట పాడినవాడు, దాని ఫలితం పొందినవాడు లెడ్ బెల్లీయే. లూయిజియానా కథలో గాయకునికీ స్వేచ్ఛకూ నడుమ సేకర్త వచ్చి నిలిచాడు. రక్షకుని స్థానం ఆయనకు దక్కింది. నిజమైన మొదటి కథ, దాని నమూనాలో అల్లిన రెండవ కథకు నమ్మకాన్ని అరువిచ్చింది. వార్తాచిత్రంలో ఖైదీ దుస్తులతో కనిపించిన గాయకుణ్ణి ప్రేక్షకులు కళాకారుడుగా కన్నా విడుదలైన నేరస్థుడుగానే గుర్తుపెట్టుకొన్నారు.

6. కథల వెనుక చేతులు

రాబర్ట్ జాన్సన్, బెస్సీ స్మిత్ కథలు రెండింటిలోను ఒకే పేరు ఎదురవుతుంది. 1933లో బెస్సీ చివరి రికార్డింగును పర్యవేక్షించిన జాన్ హామండే, 1938 డిసెంబరులో న్యూయార్క్ కార్నెగీ హాలులో ఆమె స్మృతికి అంకితంగా జరిపిన కచేరీలో పాడడానికి జాన్సన్‌ను పిలిపించాలనుకొన్నాడు. అప్పటికే జాన్సన్ మరణించాడని తెలిసి వేదికపైనుంచి అతని రికార్డులు వినిపించాడు. 1961లో జాన్సన్ పాటల సంపుటి పునర్ముద్రణ పొందడంలోనూ ఆయన పాత్ర ఉంది. హామండ్ సంగీతాభిరుచిని, జాతివివక్షపై ఆయన నిరసనను శంకించనక్కరలేదు. అయినా నగరశ్రోతకు పరిచయమైనది సజీవ గాయకుడు కాడు. అచ్చమైన గ్రామీణతకు ప్రతీకగా నిలిచిన దివంగతుడు.

1961 నాటి సంపుటిని విన్న యువతరానికి జాన్సన్ జీవితం గురించి తెలిసింది చాలా తక్కువ. అతని మరణ ధ్రువీకరణ పత్రం వార్డ్‌లో పరిశోధనలో 1968లో గాని బయటపడలేదు. మరణకారణం రాయవలసిన చోట వైద్యుడు లేడన్న మాట ఉంది. వివరాలు లేని ఆ ఖాళీని ఐతిహ్యం నింపింది. నేడు క్లార్క్స్‌డేల్‌లో గిటారు బొమ్మలతో అలంకరించిన కూడలి పర్యాటకస్థలం. జాన్సన్ సమాధులుగా మూడు చర్చి ప్రాంగణాలలో మూడు రాళ్లు వెలిశాయి. అతని కుమారుణ్ణి వారసుడుగా గుర్తించే తీర్పు 1998లో గాని రాలేదు. కథ ఆస్తిగా మారినంత త్వరగా హక్కు కుటుంబానికి చేరలేదు.

7. ముగింపు

పై పరిశీలనవల్ల తేలిన అంశాలు ఇవి.

1. కూడలి కథ మౌఖిక సంప్రదాయంలో టామీ జాన్సన్‌ను గురించి చెప్పుకొన్నది. రాబర్ట్ జాన్సన్‌తో దాని సంబంధం అతని మరణానంతరం, ముఖ్యంగా ముద్రణ ద్వారా బలపడింది.

2. ఆ కథ మౌఖిక రూపంలో విద్యాదానపు ఆనవాలు ఉంది. ముద్రిత రూపం గురువును తొలగించి బేరగాణ్ణి నిలిపింది. ఫలితంగా జిమ్మర్‌మన్ శిక్షణ, రికార్డులనుంచి నేర్చిన విద్య, శ్రమతో కూడిన సాధన మరుగునపడ్డాయి.

3. బెస్సీ స్మిత్ కథ జాతివివక్షను ఎత్తిచూపినా, దానిని ఒక ఆసుపత్రి దోషంగా కుదించింది. లెడ్ బెల్లీ కథ గాయకుని గెలుపులో వాటాను సేకర్తకు పంచింది.

4. మూడు కథలూ పాటను పక్కకు నెట్టి బేరాన్నో, మరణాన్నో, విడుదలనో ముందుకు తెచ్చాయి. ఒంటరి పురుషుని మూర్తి పెరిగినకొద్దీ, బ్లూస్‌ను వృత్తిగా నిలబెట్టిన స్త్రీల చరిత్ర పీఠికాస్థాయికి దిగజారింది.

ప్రతిభను దైవదత్తమనడం గౌరవమే అన్న అభిప్రాయం ఉండవచ్చు. సొంత సమాజం తన కవిపట్ల చూపిన మెచ్చుకోలుకు ఆ మాట వర్తిస్తుంది. చదువుకొనే హక్కును, చెమటకు తగిన కూలిని తరతరాలుగా పోగొట్టుకొన్న జాతిలో పుట్టిన కళాకారుని విషయంలో, విద్య ఉచితంగా వచ్చిందనడం పొగడ్త కాజాలదు. అతడు సంపాదించుకొన్న ఒకే ఒక ఆస్తిని కాదనడమే అవుతుంది. ఐతిహ్యాలను విడిచిపెట్టవలసిన పనిలేదు. వాటిని చెప్పినవారి చరిత్రగా చదివి, గాయకుల చరిత్రను వారి పాటలలోను, గురుశిష్య సంబంధాలలోను, వృత్తిజీవితంలోను వెదకడం విమర్శకుని బాధ్యత.